కుక్కపిల్లను తెచ్చుకుంటున్నారా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రోడ్డు పక్కన దొరికిన 45 రోజుల వీధికుక్క పిల్లను దత్తత ఇస్తామని ఓ సంస్థవాళ్లు అంటున్నారు. పిల్లలు ఒకటే గొడవ. మేమిద్దరం ఉద్యోగస్తులం, అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: బాగా చూసుకుంటే మన వీధికుక్క 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. అప్పటికి మీ పిల్లలు చదువులకో ఉద్యోగాలకో వెళ్లిపోతారు. అందుకే నిర్ణయం వాళ్లది కాదు, మీ ఇద్దరిదీ. సంక్రాంతికి ఊరెళితే ఎవరు చూస్తారు, అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకుంటారా అన్నవి ఇప్పుడే తేల్చుకోండి. పెంచిన కుక్కను వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం.

పగలంతా ఇంట్లో ఎవరూ ఉండకపోతే పిల్ల వద్దు. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు, రోజుకు నాలుగుసార్లు తినాలి. టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయిన ఏడాదిన్నర కుక్క ఉందేమో అదే సంస్థను అడగండి. పెద్దవాటిని అడిగేవాళ్లు తక్కువ. దాని స్వభావం ముందే తెలిసిపోతుంది, సగం చాకిరీ తప్పుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే పిల్లనే తెచ్చుకోండి. తల్లి ఉంటే మాత్రం ఎనిమిది వారాలు నిండేదాకా దాని దగ్గరే ఉంచమనండి. ఎంత గట్టిగా కొరకకూడదో పిల్ల నేర్చుకునేది తోబుట్టువులతో ఆడేటప్పుడే.

తెచ్చిన రోజే పశువైద్యుడికి చూపించండి. బరువు తూచి నట్టల మందు వేస్తారు. మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి. పార్వో, డిస్టెంపర్ అనేవి కుక్కపిల్లల ప్రాణాలు తీసే వైరస్ జబ్బులు. వీటికి కలిపి వేసే టీకా 6–8 వారాలకు మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. ‘ఒక డోసు పడింది కదా’ అని ఆపేసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి టీకాను పనిచేయనివ్వదు. అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం, అందుకే అన్ని డోసులు. రేబిస్ టీకా మూడు నెలలకు, ఆపైన డాక్టరు చెప్పినట్టు.

డోసులు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దించవద్దు. అలాగని గదిలో బంధించకండి. ఎత్తుకుని తిప్పండి, ఆటోల మోత, కొత్త మనుషులు 14 వారాల లోపే అలవాటు కావాలి. ఆ వయసు దాటాక భయం పోగొట్టడం చాలా కష్టం.

ప్యాకెట్ పాలు చాలా పిల్లలకు విరేచనాలు తెస్తాయి. ఒట్టి పెరుగన్నంలో మాంసకృత్తులు చాలవు. పప్పీ ఫుడ్ పెడితే కొలతలు ప్యాకెట్ మీదే ఉంటాయి. ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని చికెన్, కొంచెం అన్నం పెడితే క్యాల్షియం సంగతి డాక్టరును అడగండి. ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు ముట్టనివ్వద్దు.

నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే మూత్రానికి ఒకే చోటికి తీసుకెళ్లండి. ఇంట్లో పోసిందని కొడితే పోయడం మానదు, మంచం కింద దాక్కుని పోస్తుంది.

ప్రశ్న: నెల కిందట మా కుక్కపిల్ల పార్వోతో చనిపోయింది. ఇంకోటి ఎప్పుడు తెచ్చుకోవాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ వైరస్ ఇంట్లో నెలల తరబడి, మట్టిలో ఏడాది దాకా బతకగలదు. ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. సబ్బునీళ్లతో కడిగాక, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి నేల పది నిమిషాలు తడిగా ఉండేలా పోయండి. చనిపోయిన పిల్ల వాడిన పరుపు, గిన్నెలు పారేయండి. పెరటి మట్టిని శుభ్రం చేసే దారి లేదు కాబట్టి, టీకాలన్నీ పూర్తయిన నాలుగు నెలలు దాటిన కుక్కనే తెచ్చుకోండి.

ప్రశ్న: కొత్తగా తెచ్చిన రెండు నెలల పిల్ల పన్ను గీసుకుని మా పాపకు రక్తం వచ్చింది. ఇంత చిన్నదానికి రేబిస్ ఉంటుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉండొచ్చు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రక్తం వచ్చింది కాబట్టి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరమవుతుంది, అడిగి వేయించండి. కుక్కను పది రోజులు గమనిస్తారు. అయితే అప్పటిదాకా చూద్దామని మొదటి డోసు వాయిదా వేయకూడదు.