సంగం పద్యాలు చదవాలనుకుంటున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

చెన్నై వచ్చి ఏడాది దాటింది, ఇక్కడివాళ్లు ఇంతగా చెప్పుకునే సంగం సాహిత్యం, అంటే సుమారు రెండు వేల ఏళ్ల కిందటి తమిళ పద్యాలు, చదవాలనుంది, శిలప్పదికారంతో మొదలుపెట్టనా అని అడిగావు. వద్దమ్మా. అది సంగం పద్యాల తర్వాత వచ్చిన పెద్ద కథాకావ్యం. నేను అలాగే మొదలుపెట్టి దెబ్బతిన్నాను. మూడు కాండాలు, 30 భాగాలు, అడుగడుక్కీ పాత వ్యాఖ్యానం. కథ మొదలయ్యే పుహార్ నగరం దాటకుండానే పుస్తకం అటకెక్కింది. మళ్లీ దించడానికి పదేళ్లు పట్టింది.

నువ్వు కుఱుందొగై అనే సంగం ప్రేమపద్యాల సంకలనం తీసుకో. 400 పైచిలుకు పద్యాలు, దాదాపు అన్నీ నాలుగు నుంచి ఎనిమిది పాదాలే. అందులో 40వ పద్యం దగ్గర కూర్చో. వెంటనే అర్థం వెతక్కు, ముందు పైకి చదువు:

యాయుం ఞాయుం యారాగియరో
ఎందైయుం నుందైయుం ఎమ్ముఱైక్ కేళిర్
యానుం నీయుం ఎవ్వళి అఱిదుం
సెంబులప్ పెయల్‌నీర్ పోల
అన్బుడై నెంజం తాం కలందనవే

నీ తెలుగు చెవిని నమ్ము. 'అఱిదుం' అంటే ఎరుగుదుం. 'కలందన' అంటే కలిశాయి. 'నీర్' మన నీరే. 'పులం' మన పొలానికి చుట్టం. దాని ముందున్న 'సెం' మన చెందమ్మిలో ఉన్న ఎరుపు. అయితే ప్రతి మాటా మనదే అనుకోకు. 'కేళిర్' చూసి కేళి అనుకున్నావంటే బోల్తా పడతావు, అక్కడ దానర్థం బంధువులు. మా అమ్మ, మీ అమ్మ ఒకరికొకరు ఏమవుతారు? మా నాన్న, మీ నాన్న ఏ వరసకి చుట్టాలు? నువ్వూ నేనూ ఒకరినొకరం ఎలా ఎరుగుదుం? ఎర్రనేల మీద పడ్డ వాననీరులా మన గుండెలు వాటంతటవే కలిసిపోయాయి. ఇంతే పద్యం. రాసినవాడి పేరు ఎవరికీ తెలియక, ఆ పోలికనే పేరు చేసి సెంబులప్పెయనీరార్ అన్నారు. ఎర్రనేల వాననీటాయన! ఒక్క పోలికతో పేరు సంపాదించుకున్న కవిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఈ పద్యాల్లో కవి తన గొంతుతో మాట్లాడడు. ఆమె గానీ, అతను గానీ, చెలికత్తె గానీ, తల్లి గానీ మాట్లాడతారు. ఎవరు ఎవరితో ఎప్పుడు అంటున్నారో పద్యం పక్కన చిన్న వాక్యంలో ఉంటుంది. ముందు అది చదువు. ఇందాకటి పద్యానికి ఉన్న వాక్యం ప్రకారం, తొలి కలయిక అయ్యాక, ఇతను వదిలి వెళ్లిపోతాడేమోనని ఆమె ముఖంలో భయం కనిపించింది. అది చూసి అతనన్న మాటలవి. ఇది తెలిశాక మళ్లీ చదువు, ప్రేమ డైలాగులా వినిపించింది కాస్తా ఓదార్పు అయిపోతుంది.

ఆ తర్వాత పద్యం ఏ నేల మీద నడుస్తుందో చూడు, ఒక్కో నేలకి ప్రేమలో ఒక్కో దశ. కొండ అయితే కుఱింజి, రహస్యంగా కలుసుకోవడం. అడవి అయితే ముల్లై, వానకాలం సాయంత్రం భర్త కోసం ఎదురుచూపు. వరిపొలాలు మరుదం, భర్త మరో ఆడదాని దగ్గరికి వెళ్లొచ్చాడని అలక. సముద్రతీరం నెయ్దల్, బెంగ. ఎండిన దారి పాలై, ఎడబాటు. పట్టికలా బట్టీ పట్టకు. ఓ ఇరవై పద్యాలు చదివేసరికి, సొరచేప పేరు వినగానే సముద్రమూ దిగులూ నీకే తోస్తాయి.

11వ పద్యం మాత్రం వదలకు. అందులో మనవాళ్లున్నారు. చేతి గాజులు జారిపోయేంత చిక్కిపోయి, కన్నీళ్లతో నిద్రపట్టని ఒకామె తన మనసుతో అంటుంది: లే, పోదాం. తులసిలాంటి ఆకుల దండలు వేసుకునే వడుగుల సరిహద్దు దాటి, భాష మారిపోయే దేశంలో అతనున్నా సరే, నేను అక్కడికే వెళ్తాను అని. వడుగులంటే ఉత్తరాన ఉన్న మనమే. తమిళ నేలకి ఉత్తరపు హద్దు వేంగడం, అంటే మన తిరుమల కొండ, అని తొల్‌కాప్పియం అనే పాత తమిళ వ్యాకరణం పీఠికలో ఉంది. చిన్నప్పుడు నేను మెట్లెక్కిన కొండ ఆవల భాష మారుతుందని వాళ్లు దిగులుపడుతుంటే, ఆ ఆవలి దేశం మాది కదా అనిపించి పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను.

పుస్తకం కొనేటప్పుడు పదాలు విడగొట్టి, 'ఉరై' అంటే వ్యాఖ్య కలిపి అచ్చేసిందే కొను. తమిళ్ ఇణైయ కల్విక్ కళగం (తమిళ వర్చువల్ అకాడమీ) వాళ్లు మూలాలూ వ్యాఖ్యలూ ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టారు. లిపికి టెన్షన్ పడకు, హల్లులు 18 మాత్రమే. వీలైతే ఒక ఆదివారం బెసంట్ నగర్లో ఉ.వే.స్వామినాథయ్యర్ గ్రంథాలయం ఎక్కడుందో చూసిరా. తాటాకుల్లో చెదలు పట్టిపోతున్న ఈ పాత గ్రంథాలను వెతికి, శిలప్పదికారం 1892లో, రాజుల మీద, యుద్ధాల మీద సంగం పద్యాల సంకలనం పుఱనానూఱు 1894లో అచ్చుకి తెచ్చింది ఆయనే. కుఱుందొగైని తన వ్యాఖ్యతో 1937లో, 80 దాటాక వెలువరించాడు.

ఓ యాభై పద్యాలయ్యాక శిలప్పదికారానికి వెళ్లు. కథానాయిక కణ్ణగి అందె పగలగొట్టే ఘట్టం అందరూ చెబుతారు, అది ఎటూ చదువుతావు. ముందు ఏడో భాగం కానల్‌వరి చదువు. పుహార్ సముద్రతీరం. కణ్ణగి భర్త కోవలన్ యాళ్ అనే తంత్రీవాద్యం తీసుకుని, మరొకామె మనసులో ఉన్నట్టు పాడతాడు. అతను మనసుపడ్డ నర్తకి మాధవి కూడా మరొకడు మనసులో ఉన్నట్టు బదులు పాడుతుంది. అతను లేచి వెళ్లిపోతాడు. కణ్ణగి కోపానికి మదురై తగలబడేది తర్వాతెప్పుడో, నిప్పు రాజుకున్నది ఆ పాటల్లోనే.

వచ్చే నెల నువ్వు ఇంటికి వచ్చేసరికి ఎర్రనేల పద్యం అయిదు పాదాలూ చూడకుండా చెప్పగలగాలి. పుఱనానూఱులో పారి అనే రాజు కూతుళ్లది ఒక పద్యం ఉంది, పోయిన నెల ఆ వెన్నెల్లో మాకు నాన్న ఉన్నాడు అని మొదలవుతుంది. అది ఇద్దరం కలిసి చదువుదాం.

నీ పెద్దమ్మ