అన్నతో ఆడితేనే ఎందుకు ఓడిపోతున్న?

"అక్కా, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. రైస్ మిల్లుల లెక్కలు రాస్తా, పొలం చూసుకుంటా, రాత్రిపూట ఆన్‌లైన్‌ల చెస్ ఆడతా. 1100 ఉండే రేటింగ్ 1600 దాకా తెచ్చిన. నాది అటాకింగ్ ఆట, మన వరంగల్ గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి లెక్క. కానీ డాలస్‌ల ఉన్న మా అన్నతోని ఒక్క గేమ్ గెలువను. నాయిన వీలునామా రాయకుండనే పోయినంక పొలం గురించి మాటలు బందైనయ్, ఆట మాత్రం రోజూ ఆడతం. పొలం పట్టా తన పేరు మీద చేసుకునే కాయితాలు అన్న పంపిస్తే సంతకం చేసిన, అడిగితే బాధపడతడని ఏం అడగలే. ఓపెనింగ్, అంటే ఆట మొదట్ల ఏసే ఎత్తులు, మార్చి లండన్ సిస్టమ్ నేర్చుకొమ్మని దోస్తులంటున్నరు. మా గేమ్ ఒకటి పంపుతున్న. అన్న సంక్రాంతికి వస్తుండు. ఏం చెయ్యాలె?"

తమ్ముడూ, లండన్ ముచ్చట ముందు తేల్చేస్తా. 1600 కాడ ఏ ఓపెనింగ్ ఆడినా పెద్ద ఫరక్ పడదు, గేములు పోయేది సూసుకోక గుర్రమో ఏనుగో ఊరికె ఇచ్చేసినప్పుడు. మూడు నిమిషాల గేములు తగ్గించి పదిహేను నిమిషాలవి ఆడు, ఓడిన గేమ్ తప్పులు చూపెట్టే కంప్యూటర్ ఇంజన్‌కు ఇచ్చే ముందు ఎక్కడ చెడిందో నువ్వే ఎతుకు. ఇగ ఆ రేటింగ్ అంటవా, ఒక యాప్‌ల 1600, ఇంకో యాప్‌ల 1600 ఒకటి కాదు, లిచెస్ అనే చెస్ సైట్‌ల కొత్తగా చేరినోనికే 1500 ఇచ్చి మొదలుపెడతరు, దాని కోసం నిద్ర పాడుచేసుకోకు.

నువ్వు పంపిన గేమ్ మా మేనల్లునికి చూపించిన, వానికి ఈ పిచ్చి ఉంది. నీకు ఒక ఏనుగు ఎక్కువుంది, అన్న రాజు మూలకు ఇరుక్కుండు, ఇగ అయిపోయిందనుకున్న టైంకు నువ్వు మంత్రితో చెక్ ఇచ్చుడు, వెనక్కి తీసుడు, మళ్ల అదే చెక్, మూడోసారి అదే పొజిషన్ వచ్చి డ్రా. "అత్తా, ఇది కావాల్నని చేసిండు" అన్నడు వాడు. ముక్కూమొహం తెల్వనోని మీద హెచ్7 గడి కాడ బిషప్‌ను బలిచ్చి, గుర్రాన్ని జీ5కు, మంత్రిని హెచ్5కు దింకిచ్చేటోనివి, అన్న ఎదురుంగ కూసుంటే చేతులు కట్టుకుంటవు. 2024 డిసెంబర్‌ల 2800 రేటింగ్ కాడికి ఎక్కిన ఆ వరంగల్ పిలగాడు అర్జున్ ఆట మళ్ల ఒకసారి చూడు, ఆయన గిట్ల ఆడతడా?

అన్నంటే నాయిన తర్వాత నాయిన, నేను కాదనను. మా ఇంట్ల కూడా అట్లనే పెరిగినం. కానీ పొలం దున్నేది నువ్వు, సాగర్ ఎడమ కాలువ నీళ్లు అందకపోతే రాత్రంత మోటర్ కాడ పండుకునేది నువ్వు, అమ్మను షుగర్ డాక్టర్ కాడికి తోలుకపోయేది నీ భార్య, పట్టా పాస్‌బుక్ మాత్రం డాలస్‌ల ఉన్నాయన పేరు మీద, రైతు భరోసా పైసలు పడేది ఆయన ఖాతాల. నువ్వు భయపడుతున్నవ్, దానికి మర్యాద అని పేరు పెట్టినవ్, నేనైతే ఒప్పుకోను. ఆ సంతకం చేసిన నాడు నీ భార్యను ఒక్క మాట అడిగినవా అసలు? ఉత్తరంల ఎక్కడా లేదు.

మీ అన్న చెడ్డోడని కూడా నేననను. డాలస్‌ల ఆడనీకె మనుషులు దొరకరా ఆయనకు? రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు, అక్కడ ఇంకా మధ్యాహ్నం కూడా కాకముందు, తమ్మునితోని ఆటకొస్తుండంటే నీ నోటి నుంచి ఏదో ఇనాలనే ఉందేమో. ఒక రోజు ఆట పెట్టకు, ఫోన్ చెయ్యి. అమ్మతోని కబురు పంపకు, పాపం ఆమెను మధ్యలకు గుంజితే ఇద్దరికీ సర్దిచెప్పలేక నలుగుతది. "అన్నా, పొలం నా పేరు మీద ఎంత రాస్తున్నవ్?" అని సూటిగ అడుగు, సంక్రాంతికి వస్తుండంటున్నవ్ కదా, అప్పటిదాకా ఆగకు, ఇంటినిండ చుట్టాలున్నప్పుడు ఈ మాటలు నడువయ్.

ఇంకోటి. నాయిన వీలునామా రాయకుండనే పోయిండన్నవ్. ఆయన సంపాదించిన పొలమే అయితే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, చెల్లెకు కూడా మీ ఇద్దరితో సమానంగ వాటా ఉంటది, అంటే ఇది మీ అన్నదమ్ముల లెక్కనే కాదు. తహసీల్దార్ ఆఫీసుల అమ్మతోని సంతకం పెట్టిచ్చిండ్రా, పెట్టిస్తే కాయితం చదివి వినిపించిండ్రా, అది కనుక్కొని మళ్ల రాయి.