పాత మ్యాపులో బావి మాదే, గోడ తీయించగలమా?

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీలో మా నాన్నగారు 1968లో కొన్న ఇల్లు ఉంది. మా అమ్మాయి పెళ్లికి పెరటి బావి పక్కనే పందిరి వేశాం. ఆ ఏడు దసరాకు పక్కింటివారు బావిని కలుపుకొని గోడ కట్టేశారు. గొడవ ఎందుకని ఊరుకున్నాం. 11 ఏళ్లు దాటాయి. ఇంటి చరిత్ర కోసం వెతుకుతుంటే 1912-15 నాటి మ్యాపు దొరికింది. బావి మా ఆవరణలోనే ఉంది. ఆ కొలతలతో నాన్నగారి చేత గిఫ్టు డీడు రాయించుకోమని ఒకరు చెబుతున్నారు.

జవాబు: కేసును తేల్చేది మ్యాపు కాదు, మీరు ఒక్క మాటలో దాటేసిన ఆ దసరా. హక్కు చూపి స్థలం స్వాధీనం కోరే దావాకు, ఎదుటివారి స్వాధీనం మీకు విరుద్ధంగా మారిన నాటి నుంచి, అంటే మీ విషయంలో గోడ కట్టిన ఆ దసరా నుంచి, 12 ఏళ్లే గడువు. లిమిటేషన్ చట్టం 65వ అధికరణం ఇదే చెబుతుంది. గడువు దాటితే 27వ సెక్షన్ కింద హక్కే పోతుంది. ఇన్నేళ్లలో ఒక్క ఉత్తరమైనా రాయకపోవడం పెద్ద అజాగ్రత్త. ఇప్పుడు నోటీసు పంపినా, మున్సిపాలిటీకి ఫిర్యాదు చేసినా గడువు ఆగదు. దావా వేస్తేనే ఆగుతుంది.

మీకు దొరికినలాంటి మ్యాపులు, అంటే 1908 మూసీ వరద తర్వాత సర్వే అధికారి లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైనవి, విలువైనవే. ప్రభుత్వం చేయించినవి కాబట్టి కోర్టు వాటిని గౌరవిస్తుంది. అయితే అవి కట్టడాలను చూపుతాయి, యజమానిని చూపవు. పైగా ఫోనులోంచి తీసిన ప్రింటు చెల్లదు, సర్టిఫైడ్ కాపీ కావాలి. 1968 దస్తావేజులోని హద్దులు, కొలతలు ఆ మ్యాపుతో కలిస్తేనే అది మీకు బలం. కలవకపోతే దస్తావేజునే కోర్టు నమ్ముతుంది.

గిఫ్టు డీడు ఆలోచన వెంటనే మానండి. దస్తావేజులో లేని గజాలను కొత్త కాగితంలో రాసినంత మాత్రాన హక్కు పుట్టదు. తప్పుడు కొలతలు రాయించారని మీ మీదే క్రిమినల్ కేసు రావచ్చు. నిజమైన మీ హక్కును కూడా జడ్జి అనుమానంతో చూస్తారు.

పక్కింటివారు గోడ 20 ఏళ్ల నాటిదని తప్పక వాదిస్తారు. దానికి జవాబు మీ ఇంట్లోనే ఉంది: పెళ్లి ఆల్బమ్. పందిరి వెనక గోడ లేకుండా బావి కనిపించే ఫొటో, తేదీ ఉన్న శుభలేఖ వెతకండి. ఫొటోగ్రాఫర్ దగ్గర అసలు ఫైళ్లు ఉంటే అవీ తీసుకోండి. దావా నాన్నగారి పేరిట వేయాలి. గోడ తొలగించమని మాత్రమే అడిగితే మూడేళ్ల గడువు దాటిందంటారు కాబట్టి హక్కు ప్రకటన, స్వాధీనం కలిపి కోరండి. కొలతలకు అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున స్థలాన్ని పరిశీలించే లాయరును) నియమించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు, 9వ రూలు కింద దరఖాస్తు పెట్టండి. వచ్చే దసరా దాకా ఆగకండి, దస్తావేజుతో ఈ వారమే లాయరును కలవండి.