చిలీ మీద నాటిక రాస్తానన్న అమ్మాయికి

అమ్మాయ్,

నువ్వు పంపిన సినాప్సిస్ రెండుసార్లు చదివాను. నియంత పాలనలో కళాకారులు, విద్యార్థులు ఎవరు లొంగారు, ఎవరు ఎదిరించారు అన్నది నీ వస్తువు. మంచిదే. కానీ 1973 సెప్టెంబర్ 11 నాటి సైనిక కుట్రతో మొదలుపెట్టి, 1988 అక్టోబర్ 5న జనం సైనిక నియంత పినోచెట్‌కి 'వద్దు' అని ఓటేసేదాకా పదిహేనేళ్ళు గంటలో కుక్కావు. అది నాటిక కాదు, కాలక్రమ పట్టిక. ఒక్క ఏడాది తీసుకో. నన్నడిగితే 1977 తీసుకో.

ఎందుకంటే లొంగడం, ఎదిరించడం రెండూ ఆ ఏడాది రాజధాని శాంటియాగోలో పక్కపక్కనే కనిపిస్తాయి. జూలై 9 రాత్రి చకారియాస్ కొండ మీదికి 77 మంది యువతీయువకులు కాగడాలు పట్టుకుని ఎక్కారు. 1882లో లా కన్సెప్సియోన్ యుద్ధంలో చనిపోయిన 77 మంది చిలీ సైనికులకు ఒక్కొక్కరికి ఒక్కొక్కరు. వాళ్ళలో టీవీలో కనిపించే ముఖాలున్నాయి, పాటగాళ్ళున్నారు, విద్యార్థి నాయకులున్నారు. తర్వాత మంత్రులైనవాళ్ళూ ఉన్నారు. పినోచెట్ అక్కడే తన 'రక్షిత ప్రజాస్వామ్యం' ప్రణాళిక, అంటే సైన్యం కనుసన్నల్లో నడిచే ప్రజాస్వామ్యం ప్రణాళిక చదివాడు. అదే ఏడాది చిలీ విశ్వవిద్యాలయం విద్యార్థులు పాట, నాటకం, కవిత్వం పేరుతో ఒక సాంస్కృతిక సంఘం పెట్టుకున్నారు. దాన్ని ఏసీయూ అంటారు. రాజకీయ సంఘాలకు తావు లేని చోట జానపదగీతాల పోటీ పెడితే నలుగురూ కలవొచ్చు. కొండ ఎక్కినవాళ్ళకీ, ఈ పోటీకి పేరిచ్చినవాళ్ళకీ వయసులో తేడా లేదు. నీ నాటికంతా ఇక్కడుంది.

ఐదు పాత్రలు చాలు: కాగడా పట్టిన గాయకుడు, ఏసీయూ విద్యార్థిని, చిన్న నాటక బృందం నడిపే మనిషి, కొడుకు ఆచూకీ తెలియని తల్లి, విశ్వవిద్యాలయం గుమస్తా. పినోచెట్‌ని వేదిక ఎక్కించకు. ఎక్కించావా, నల్ల కళ్ళద్దాలు చూడగానే ప్రేక్షకుడు 'దుర్మార్గుడు దొరికాడు' అని వెనక్కి వాలతాడు. ఈ ఐదుగురూ ఏం చేశారో ఇక పట్టించుకోడు.

గాయకుడు విక్టర్ జారా చిత్రహింసల సీను కూడా తీసెయ్. మన కవితల్లో, వీధి నాటకాల్లో చేతులు నరికేశారని రాస్తుంటారు. నరకలేదు. కొట్టి విరగ్గొట్టారు, తర్వాత కాల్చి చంపారు. శరీరంలో 44 తూటాలు. ఉన్నదే అంత ఘోరంగా ఉంటే పైన కల్పన దేనికి? పైగా అది 1973 సెప్టెంబర్ సంగతి. నీ నాటికలో ఆయన పాట ఉన్న కాసెట్ ఒకటి చేతులు మారితే చాలు. పాట వినిపించకు. పైన లేబుల్ మీద వేరే పేరు రాసి ఉండాలి.

ఇప్పుడు అసలు సీను. లొంగుబాటంటే తుపాకీ ముందు మోకరిల్లడం అనుకుంటున్నావు. చిలీలో సినిమాలకి, పుస్తకాలకి ముందస్తు సెన్సారు పెట్టారు గానీ నాటకానికి పెట్టలేదు. దానికి బదులు పన్నుంది. టికెట్ల మొత్తం వసూలు మీద 22 శాతం. లాభం మీద కాదు, వసూలు మీద; అది గుర్తుంచుకో. మన లెక్కలో చెప్తాను: యాభై రూపాయల టికెట్లు వంద అమ్మితే ఐదు వేలు. హాలు అద్దె, కరెంటు, నటుల భోజనం ఇంకా లెక్కలోకే రాలేదు, పదకొండు వందలు సర్కారుకి పోయాయి. నష్టం వచ్చినా పన్ను పన్నే. 'సాంస్కృతిక విలువ ఉన్న నాటకం' అని విశ్వవిద్యాలయం ధ్రువపత్రం ఇస్తే మినహాయింపు. ఆ విశ్వవిద్యాలయానికి అధిపతి ఎవరు? 1973 నుంచీ సైన్యం నియమించిన రెక్టరు.

ఈ సీను ఎనిమిది నిమిషాలు రాయి. బృందం మనిషి స్క్రిప్టు పట్టుకుని గుమస్తా దగ్గరికి వెళ్తాడు. గుమస్తా ఏ డైలాగూ కొట్టేయమనకూడదు. గొంతు పెంచకూడదు, వెటకారం ఉండకూడదు. 'ఇంకా చూడలేదండీ, వచ్చే వారం రండి' అనాలి, అంతే. ఇలా మూడుసార్లు. నాలుగోసారి రాకముందే బృందం వాళ్ళు తమంతట తాము ఒక పాట తీసేయాలి. ముద్ర పడుతుంది. ఆ పాట కోసమే పడలేదో, వేరే కారణంతో ఆలస్యమైందో చివరిదాకా ఎవరికీ తెలియకూడదు. గుమస్తాని విలన్ చేశావంటే ఈ సీను చచ్చిపోతుంది, ఎందుకంటే అప్పుడు కత్తెర అతని చేతిలోకి వెళ్ళిపోతుంది. అది బృందం చేతిలోనే ఉండాలి. రబ్బరు స్టాంపు బల్ల మీద పడే చప్పుడు ఆఖరి వరుసకి వినపడాలి. బల్ల కింద చిన్న మైకు కట్టించు, బల్ల మీద గుడ్డ వేయకు.

మినహాయింపు లేకుండా ఆడితే ఏమయ్యేదని ప్రేక్షకుడు అడుగుతాడు. దానికి కల్పన అక్కర్లేదు. ఆ ఏడాది మొదట్లోనే నికనోర్ పర్రా కవితలతో ఒక బృందం సర్కస్ డేరాలో నాటకం ఆడింది. రంగస్థలం మీద శిలువలు ఒక్కొక్కటే పెరుగుతూ పోతాయి. ముందు పత్రిక దాడి చేసింది, తర్వాత పారిశుద్ధ్యం బాగాలేదని అధికారులు మూయించారు, చివరికి కర్ఫ్యూ రాత్రి డేరా తగలబడింది. కర్ఫ్యూలో వీధుల్లో తిరగగలిగేది ఎవరో నువ్వు డైలాగులో చెప్పకు. 'డేరా తగలబడింది', 'ఎప్పుడు?', 'కర్ఫ్యూలో'. ఇక్కడ ఆపు.

గాయకుడి దగ్గర జాగ్రత్త. కొండ ఎక్కిన అసలు మనుషుల పేర్లు తగిలించకు, ఒకరిని పోల్చేలా కూడా రాయకు. అతనికి కారణం ఇవ్వు, సాకు ఇవ్వకు. అప్పుడు టీవీ అంటే ప్రభుత్వ ఛానెల్, లేదా విశ్వవిద్యాలయాల ఛానెళ్ళు. రెండూ సైన్యం చేతిలోనే ఉన్నాయి. టీవీలో కనిపించకపోతే ఊళ్ళలో కచేరీలు రావు. మూడు నెలలు ఖాళీగా ఉన్నవాడికి ఒక ఫోను వస్తుంది. 'ఊరికే కాగడా పట్టుకుంటే చాలు, పాడక్కర్లేదు'. ఒప్పుకునే ముందు అతను ఒక్క ప్రశ్నే అడగాలి: చలికోటు వాళ్ళిస్తారా, తనే తెచ్చుకోవాలా అని. జూలై అంటే అక్కడ నడి చలికాలం.

77 కాగడాలు ఎలా అంటావు. ఐదు చేతిలో, 72 వెనక. నల్ల గుడ్డ మీద నారింజ రంగు సీరియల్ సెట్లో 72 బల్బులు లెక్కపెట్టి ఉంచి, మిగతావాటికి నల్ల టేపు చుట్టించు. మిణుకుమనే కంట్రోలరు తప్పనిసరిగా తీయించు; మరిచిపోతే కొండ కాస్తా పెళ్ళిపందిరి అవుతుంది. చేతి కాగడాకి రెండడుగుల వెదురుకర్ర, పైన రేకుడబ్బా, లోపల చిన్న ఎల్‌ఈడీ, దాని మీద నారింజ సెల్లోఫేన్ రెండు పొరలు. నిజం నిప్పు వద్దు. షామియానా కింద ఆడే పరిషత్తుల్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

తల్లి చేతిలో అర్పియెరా ఉండాలి. గోనెగుడ్డ మీద పాతబట్టల ముక్కలతో కుట్టే బొమ్మ అది. కార్డినల్ రౌల్ సిల్వా హెన్రీకెస్ 1976లో పెట్టిన 'సంఘీభావ' కార్యాలయం ఆ కుట్టుపనికి చోటిచ్చి, పూర్తయినవి కొని విదేశాలకు పంపేది. ఆ డబ్బుతోనే ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది, కాబట్టి ఆమెను వీరమాతగా చూపించకు. ఈ వారం ముక్కకి ఎంతొస్తుందో లెక్క వేసుకునే మనిషిలా చూపించు. అసలువి చేతిలో పట్టేంత చిన్నవే గానీ నువ్వు నాలుగడుగులు మూడడుగులు చేయి, లేకపోతే నాలుగో వరుస దాటి కనపడదు. గోనె అంచు పీచు లేస్తుంది. చుట్టూ అంగుళం లోపలికి మడిచి, ఎర్ర ఊలుతో కుట్టు. మిషను వాడకు, కుట్లు వంకరగా కనపడాలి. పైన ఆండీస్ కొండలు, మూలన సూర్యుడు. వెనక చిన్న జేబు పెట్టి అందులో మడిచిన కాగితం. ఆ కాగితం బయటికి తీయడమే ఆమె పాత్రలో పెద్ద పని. చదివించకు.

సంగీతానికి చరాంగో కావాలన్నావు. ఆండీస్ ప్రాంతపు చిన్న తీగవాయిద్యం అది, పది తీగలుంటాయి, ఇక్కడ దొరకదు. మాండొలిన్ సరిపోతుంది, వాయించేవాణ్ణి చీకట్లో కూర్చోబెట్టు. కుట్ర తర్వాత ఆ వాయిద్యాలు వామపక్షం గుర్తులయ్యాయి, రేడియోలో మాయమయ్యాయి. అప్పుడు బారోక్ ఆండీనో అనే బృందం వాటితోనే చర్చిల్లో జర్మన్ సంగీతకర్త బాఖ్ రచనలు వాయించింది. బాఖ్‌ని ఎవరు ఆపుతారు? నీ విద్యార్థినికి ఈ ఉపాయం ఇవ్వు. నాటికలో నవ్వొచ్చే చోటు ఇదొక్కటే, దాన్ని పోగొట్టుకోకు.

కొన్ని తప్పులు ముందే సరిచేసుకో. రహస్య పోలీసులు జూలైలో డీనా, ఆగస్టు దాటితే సీఎన్ఐ. టీవీ నలుపు తెలుపు. రంగు మరుసటి ఏడాది వచ్చింది. డబ్బు పెసోలు, పాత ఎస్కూడోలు కాదు. 'కామ్రేడ్' అన్న మాట నువ్వు పదకొండు చోట్ల రాశావు. 1977లో బయట అలా పిలిచిన మనిషి ఇంటికి చేరడం అనుమానమే. ఒక్క చోట ఉంచు, అదీ పొరపాటున నోరుజారినట్టు.

మన ఎమర్జెన్సీ గురించి ఎవరో ఒక డైలాగు పెట్టమంటారు. 1977 మార్చిలో ఇక్కడ ఎత్తేశారు, జూలైలో అక్కడ కాగడాలు వెలిగాయి. ఈ లెక్క హాల్లో కూర్చున్న పెద్దవాళ్ళు వాళ్ళే వేసుకుంటారు. నువ్వు వేసి చూపిస్తే అవమానపడతారు. అలాగే ఆఖర్లో జెండా, పిడికిళ్ళు, బృందగీతం. న్యాయనిర్ణేతలకి ఇష్టమేనని తెలుసు. అయినా వద్దు. 1977లో వాళ్ళకి ఇంకా పదకొండేళ్ళుంది, ఆ సంగతి వాళ్ళకి తెలియదు.

యాభై ఐదు నిమిషాలకి కట్టుకో. నాలుగు సీన్లు, మధ్య చీకటి ఇరవై సెకన్లు మించకూడదు. ముందు గుమస్తా సీను ఒక్కటే రాసి పంపు. బల్ల, స్టాంపు, రెండు కుర్చీలతో ఇంట్లోనే చదివించి చూడు. మూడో 'వచ్చే వారం రండి' దగ్గర వినేవాళ్ళు కదలడం మానేస్తే మిగతా మూడూ రాయి. అప్పటిదాకా గోనెగుడ్డ కొనకు.

మీ పెదనాన్న