జెట్ వేగం 20 వచ్చిందని దిగులు పడకు

సఖినేటిపల్లి

అమ్మడూ,

నీ మెయిల్ చదివాను. "గ్రహ నీహారికలో జెట్ కనబడింది పెదనాన్నా, తీరా కొలిస్తే సెకనుకి 20 కిలోమీటర్లే, ఇది జెట్ కాదేమో" అని రాశావు. చనిపోతున్న నక్షత్రం వదిలిన వాయు మేఘంలోంచి సన్నగా దూసుకుపోయే ధార ఇంత మెల్లగా ఉండదనేగా నీ అనుమానం? అప్పుడే కొట్టిపారెయ్యకు.

చిన్నప్పుడు మన రేవులో కూర్చుని చూసేదానివి, గుర్తుందా? నర్సాపురం పంటు ఎదురుగా పోతుంటే కదిలినట్టే ఉండదు. ఏటివాలున అంతర్వేది వైపు వెళ్లే పడవ మాత్రం చకచకా జారిపోతుంది. వెలుగుని రంగులుగా విడదీసి వేగం పట్టే స్పెక్ట్రోగ్రాఫ్‌ది మన కంటికి తిరగేసిన చూపు. దగ్గరికొచ్చేదీ దూరమయ్యేదీ పట్టుకుంటుంది, అడ్డంగా పోయేది దానికి తెలియదు. నీ జెట్ మన చూపు గీతకి 80 డిగ్రీల కోణంలో ఉంటే, ఆ 20 వెనక అసలు వేగం 115. అందుకే ముందు వాలు తేల్చు. ఏళ్ల తేడాతో తీసిన హబుల్ టెలిస్కోప్ ఫొటోలుంటే జెట్‌లోని వాయు ముద్ద ఎంత జరిగిందో కొలవొచ్చు. దాన్ని కిలోమీటర్లలోకి మార్చాలంటే దూరం కావాలి, ఈ నీహారికలతో అదే తలనొప్పి.

హెచ్-ఆల్ఫా, అంటే హైడ్రోజన్ ఇచ్చే ఎర్రటి వెలుగు గీత, ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకు. 10,000 డిగ్రీల వేడిలో హైడ్రోజన్ పరమాణువుల గెంతులకే ఆ గీత సెకనుకి 21 కిలోమీటర్ల మేర వెడల్పవుతుంది. నైట్రోజన్ 14 రెట్లు బరువు కాబట్టి 6583 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గరున్న దాని గీత 6 కూడా దాటదు. హైడ్రోజన్‌లో ఒకే మచ్చలా కనబడ్డది ఇందులో రెండు ముద్దలుగా విడిపోవచ్చు.

నా బుద్ధితక్కువ ఒకటి చెప్తాను, నవ్వకు. కుంభరాశిలోని శని నీహారికను ఓ మే నెల తెల్లవారుజామున, మళ్లీ డిసెంబరు సాయంత్రం చూశాను. ఒకే ముద్ద వేగంలో 50కి పైగా తేడా! జెట్ వేగం పుంజుకుంటోందని వారం రోజులు నిద్రపోలేదు. తీరా చూస్తే అది భూమి వేగం. సూర్యుడి చుట్టూ మనం సెకనుకి 30 కిలోమీటర్లతో తిరుగుతున్నామన్న సంగతి తీసివేయడం మర్చిపోయాను. సూర్యుడికి సరిచేశాక నీహారిక మొత్తంగా పోయే వేగాన్ని కూడా తీసెయ్యి, అప్పుడు మిగిలిందే జెట్‌ది.

స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి వెలుగు వెళ్లే సన్నటి చీలికని, అదే స్లిట్‌ని, ఒక్క చోట పెట్టి సరిపెట్టకు; వంకర జెట్ మొత్తం అందులో పట్టదు. ఫ్లెమింగ్ 1 అనే గ్రహ నీహారిక జెట్లు తల తిప్పే బొంగరంలా దిశ మార్చుకుంటూ వంకర తిరిగాయి. దాని నడుమ 1.2 రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాలున్నాయని 2012లో బయటపడింది. నీదీ అలాంటిదేమో!

ప్లాట్ పంపేటప్పుడు స్లిట్‌ని ఏ కోణంలో పెట్టారో రాయి. అది లేకపోతే నేను చూడను.

మీ పెదనాన్న