హంపికి అమ్మను తీసుకెళ్తున్నావట

తల్లీ,

నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "మొదటి జీతంతో నాకు హంపి చూపిస్తుందట అక్కా" అని ఒకే మాట మూడుసార్లు చెప్పింది. ఎంత సంబరపడిపోతోందో! నాకూ కళ్ళు చెమర్చాయి. మొన్న మొన్నటిదాకా గుంతకల్లు స్టేషన్‌లో నా కొంగు పట్టుకుని నడిచిన పిల్ల, ఇవాళ అమ్మకి టికెట్ తీసిందంటే గర్వంగా ఉండదా మరి. కానీ పొద్దున నువ్వు పంపిన లిస్టు చూశాక టెన్షన్ మొదలైంది. ఒక్క రోజులో పద్దెనిమిది చోట్లా? అదీ మార్చి నెలాఖరులో?

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. హోస్పేటలో దిగగానే ఆటో రోజంతటికీ మాట్లాడుకో, ఎక్కకముందే రేటు తేల్చుకో. అక్కణ్ణించి హంపి పదమూడు కిలోమీటర్లే. నీళ్ళు మోయడానికి బద్ధకించకు. గుడి దగ్గర కోతులుంటాయి, అరటిపండ్లు సంచిలోంచి బయటికి తీయకు. పుట్టిలో షికారు అని ఎవరైనా పిలిస్తే వద్దను, మీ ఇద్దరికీ ఈత రాదు. విఠలాలయానికీ, రాణీవాసం ఆవరణకీ, కమలాపురం మ్యూజియానికీ ఆ రోజంతా ఒకే టికెట్ చెల్లుతుంది, పారేసుకోకు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

ముప్పై ఏళ్ళ కిందట ఉగాది వెళ్ళిన వారం మీ పెదనాన్న, నేను, మా అత్తగారు హంపి వెళ్ళాం. ఆయనకి చరిత్ర పిచ్చి. 1336లో మొదలై 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత పాడుబడిపోయిన విజయనగర రాజధాని అంతా ఒక్క పగట్లో చూసేయాలని కాగితం మీద వరసగా రాసుకొచ్చారు, అచ్చం నీలాగే. పొద్దున విరూపాక్షుడి దర్శనం అయ్యాక మా అత్తగారు, "నాయనా, కాసేపు తుంగభద్ర ఒడ్డున కూచుందామా" అని అడిగింది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కూర్చుందాం అన్నాం. ఆవిడ సరేనంది.

తర్వాత కృష్ణాలయం. కృష్ణదేవరాయలవారు 1514లో ఒడిశా గజపతుల నుంచి ఉదయగిరి గెలిచి, అక్కడి బాలకృష్ణుణ్ణి తెచ్చి మరుసటి ఏడు ప్రతిష్ఠ చేయించిన గుడి అది. ఉదయగిరి మీ నాన్నవాళ్ళ వైపే కదా, అమ్మకి తప్పకుండా చెప్పు, పుట్టింటి కబురు విన్నట్టు వింటుంది. గర్భగుడిలో ఇప్పుడు విగ్రహం లేదు, చెన్నై మ్యూజియంలో ఉంది. అందరూ చెప్పులతోనే తిరుగుతున్నారు. మా అత్తగారు మాత్రం "స్వామి లేకపోతే గుడి కాకుండా పోతుందా" అని చెప్పులు గోపురం పక్కన విడిచి లోపలికొచ్చింది. మేం ఫోటోలు తీసుకున్నాం. ఎండ ముదురుతోంది, ఇంకా సగం కూడా కాలేదు అని ఆయన ఆటోలోంచి కేకేస్తే అందరం గబగబా ఎక్కేశాం. ఆవిడ కూడా ఎక్కేసింది, చెప్పులు లేకుండానే. వెనక్కి వెళ్దామంటే కొడుకు విసుక్కుంటాడేమోనని నోరు విప్పలేదు.

హజార రామాలయం గోడల మీది రామాయణం, మహర్నవమి దిబ్బ, మెట్ల కోనేరు, ఏనుగుల శాల... నడి మధ్యాహ్నం వరకూ ఆ బండల మీద వట్టి కాళ్ళతో మా వెనకాలే నడిచింది. ఆవిడకి షుగర్ ఉందని నాకు తెలుసు. మందులు సంచిలో పెట్టుకుని వచ్చింది నేనే. అయినా ఒక్కసారి కిందికి చూడలేదు.

రాత్రి హోస్పేట లాడ్జిలో కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను. రెండు అరికాళ్ళూ బొబ్బలే. ఒకటి అప్పటికే చితికిపోయి ఉంది. "పొద్దున్నుంచి ఎందుకు చెప్పలేదు" అని నేనే ఆవిడ మీద కేకలేశాను. నా తప్పుకి ఆవిణ్ణి తిట్టాను, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎడమ పాదం పుండు శ్రావణం దాకా మానలేదు. ఆసుపత్రి చుట్టూ తిరిగాం, వేలు తీసేయాలేమో అన్నారు, దేవుడి దయవల్ల ఆ అవసరం రాలేదు. నది ఒడ్డున కూర్చోవడం మాత్రం జరగలేదు. ఆవిడ పోయి పదకొండేళ్ళు.

ఆ రోజు తెచ్చిన ఫోటోల్లో ఒకటుంది. మహర్నవమి దిబ్బ మెట్ల దగ్గర మేమిద్దరం నవ్వుతూ ముందు నిలబడ్డాం, వెనక అత్తగారు ఒక పాదం మీద ఇంకో పాదం ఆనించుకుని ఉంది. ఎన్నో ఏళ్ళు ఆ ఫోటో గోడకే ఉంది, నాకు కనబడలేదు.

మీ అమ్మకి షుగర్ వచ్చి ఆరేళ్ళు. అదీ అడిగితే "బాగానే ఉంది" అనే మనిషే. కాబట్టి దాన్ని అడగకు, నువ్వే చూడు. మెత్తటి చెప్పులు కొను, కొత్తవి వారం ముందు నుంచే ఇంట్లో తొడిగించు, కరుస్తాయేమో తెలుస్తుంది. విరూపాక్షాలయంలో ఎలాగూ విప్పాలి, అందుకే అది పొద్దున్నే, బండ వేడెక్కకముందే. మందపాటి సాక్సులు వేయించు, నామోషీ ఏం లేదు. అక్కడ గర్భగుడి వెనకాల ఒక చీకటి గదిలో గోడ మీద గోపురం నీడ తలకిందులుగా పడుతుంది, అమ్మకి చూపించు, చిన్నపిల్లలా ఆశ్చర్యపోతుంది.

దర్శనం అవగానే నది ఒడ్డుకి తీసుకెళ్ళు. సాయంత్రానికి వాయిదా వేయకు, తల్లీ. అరగంటో గంటో, అది లేస్తానన్నప్పుడే లేవండి.

ఆ తర్వాత విఠలాలయం. బయట బండ్లు ఆపే చోటునుంచి బ్యాటరీ బండి ఉంటుంది, క్యూ ఉన్నా ఆగి అదే ఎక్కండి, ఆ దారిలో నడిపించకు. యాభై రూపాయల నోటు మీద ఉండే రాతి రథం అదే. స్వరాలు పలికే స్తంభాలు ముట్టుకోనివ్వరు, చూసి రండి చాలు. పదకొండున్నర దాటితే ఇంకేం పెట్టుకోకు. భోజనం చేసి కమలాపురం మ్యూజియంలో నీడపట్టున ఉండండి. హంపి కొండలూ గుళ్ళూ అన్నీ కలిపి అక్కడ ఒక నమూనా కట్టిపెట్టారు, మీ లిస్టులో మిగిలినవన్నీ అమ్మ అక్కడే చూసేస్తుంది. నాలుగు తర్వాత ఓపికుంటే ఏనుగుల శాల, లేకపోతే లేదు. మాతంగ పర్వతం, అంజనాద్రి మెట్లు ఈసారికి కొట్టేయ్. నువ్వింకా వందసార్లు వెళ్తావు.

నీ సరదా చెడగొడుతున్నానని కోపం తెచ్చుకోకు. కర్చులకని రెండు వేలు పంపాను, చెప్పులకి వాడు. రైలెక్కాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్. ముందు నువ్వే మాట్లాడు, అమ్మకివ్వకు, పాదాలు ఎలా ఉన్నాయో నువ్వు చూసి చెప్పాలి.

పెద్దమ్మ