జోసా సీటు కేటాయింపు: స్నేహితుడి ఆప్షన్ల గురించి మీ భయానికి సమాధానం

జోసాలో (ఐఐటీలు, ఎన్ఐటీల వంటి సంస్థల సీట్లను కేటాయించే ఉమ్మడి సంస్థ) ఆప్షన్లు లాక్ చేశాక నిద్ర పట్టడం లేదనీ, మీకన్నా వెనుక ర్యాంకు వచ్చిన హాస్టల్ స్నేహితుడు తన ఆప్షన్లు దాచిపెట్టడంతో మీరు కోరుకున్న ఐఐటీ సీటు అతడికి పోతుందేమోనని భయంగా ఉందనీ రాశారు. ఆ భయానికి ఆధారం లేదు. ఒకే కేటగిరీ, ఒకే కోటాలో ఇద్దరు ఒక సీటు కోరితే, ఎవరు దాన్ని ఎన్నో ఆప్షన్‌గా పెట్టారన్నది చూడరు. మెరుగైన ర్యాంకు ఉన్నవారికే అది దక్కుతుంది. కాబట్టి అతడు ఏం పెట్టుకున్నా మీ సీటు కదలదు.

మొదటి రౌండ్‌లో కోరుకున్నది రాకపోతే ఫ్లోట్ ఎంచుకోండి: వచ్చిన సీటు చేతిలో ఉంటుంది, తర్వాతి రౌండ్లలో మీరు పైన పెట్టిన ఆప్షన్ అందితే దాని స్థానంలో అది వస్తుంది. అయితే గడువులోగా ఫీజు కట్టి, పత్రాలు అప్‌లోడ్ చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. జాగ్రత్త పడవలసింది అక్కడే.

మా అమ్మాయి కూడా ఆ రోజుల్లో ఫోన్ దిండు కింద పెట్టుకుని, వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన అంచనా కటాఫ్‌లను అర్ధరాత్రి లేచి చూసుకునేది. గ్రూపు వదిలేసి, జోసా వెబ్‌సైట్‌లోని గత ఏడాది క్లోజింగ్ ర్యాంకులను (ఒక్కో కోర్సులో చివరి సీటు దక్కిన ర్యాంకులను) నోటు పుస్తకంలో రాసుకున్నాకే కుదుటపడింది. మీ స్నేహితుడు కూడా భయంతోనే దాచి ఉంటాడు. ఈ రాత్రి అతడితో కలిసి భోంచేయండి.